మిరోన్ తిప్పిన ఆఖరి బాన

క్రీట్ దీవిలోని ఆ కుమ్మరుల ఊళ్లో దేవుడి తర్వాత అంతటివాడు పాలిక్రోనిస్ మేస్త్రీ. ఈ వరుస అతను స్వయంగా నిర్ణయించినదే. మనిషెత్తు నూనె బానలు చేసేవాడు అతనొక్కడే మిగిలాడు కనుక, కాదనడానికి పోటీదారు కూడా లేడు.

సరిగ్గా చెప్పాలంటే పెద్ద బానకి ఇద్దరు కావాలి. మేస్త్రీ నిలబడి మట్టిని వరస మీద వరసగా పెంచుకుంటూ పోతాడు. రెండోవాడు గోతిలో కూర్చుని, మేస్త్రీ ఊపిరిని బట్టి సారె తిప్పుతాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ గోతిలో కూర్చున్నవాడు మిరోన్. ఫొటోల్లో మేస్త్రీ ఉంటాడు, బాన ఉంటుంది. మిరోన్ టోపీ పడితే అతని అదృష్టం.

ఆ వేసవిలో ఒక బాన ముగించిన వారానికే మిరోన్ కుడిచెయ్యి పడిపోయింది.

“ఆ బాన నా గుమ్మం పక్కన పెట్టించు మేస్త్రీ. నూనె పొయ్యకపోయినా సరే, వచ్చేపోయేవాళ్లకి చూపించుకుంటాను” అన్నాడు. పాలిక్రోనిస్ గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాడు.

బాన ఆరింది, కుండలు కాల్చే ఆములో కాలింది. మంట ఆరాక ఆము తనంతట తాను చల్లారేదాకా గుమ్మానికి పేర్చిన ఇటుకలు ముట్టుకోకూడదన్నది ఆ ఊరి శాసనం. దీవించడానికి వచ్చి ఇటుక మీద చెయ్యేసిన చర్చి గురువుగారినే ఒకసారి పాలిక్రోనిస్ పార పట్టుకుని తరిమాడు.

అలాంటి మనిషి గుమ్మంలో, మంట ఆరిన మర్నాడే, యాత్రికుల బస్సు ఆగింది. వాళ్లకి ఊళ్లు చూపించే దనాయి అనే అమ్మాయి ముందుగా దిగింది.

“మేస్త్రిగారూ, పాపం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆము లోపల ఒక్కసారి చూపించరూ?”

“రేపు తీసుకురా.”

“రేపు ఓడెక్కేస్తారండీ. దారి పొడుగునా మీ గురించే చెప్పుకొచ్చాను. ఇంత బాన చేసేది దీవి మొత్తానికి మీరొక్కరేనని!”

గురువుగారి దీవెనకి లొంగనివాడు ఆ ‘ఒక్కరే’కి లొంగిపోయాడు.

“సరే, ఒక్క ఇటుక” అన్నాడు.

ఒక్క ఇటుక తీస్తే చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. అంత దూరం వచ్చినవాళ్లకి చీకటి చూపించి పంపడం మర్యాద కాదని మరికొన్ని తీశాడు. అందరికంటే ముందు చల్లటి ఉత్తరపు గాలి లోపలికి దూరింది.

టంగ్!

సన్నగా, తియ్యగా మోగింది. ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని యాత్రికులు చప్పట్లు కొట్టారు. గడ్డి టోపీ పెట్టుకున్న ఒకావిడ మళ్లీ ఒకసారి మోగించమని అడిగింది.

ఎదురు కాఫీ కొట్టులో కూర్చున్న మిరోన్ చేతికర్ర పట్టుకుని లేచి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది.

“ఏది?”

పాలిక్రోనిస్ వంగి కంతలోంచి లోపలికి తొంగిచూస్తున్నాడు.

“నిన్నే మేస్త్రీ. ఏది పోయింది?”

“పెద్దది.”

“మరి చప్పట్లెందుకు కొట్టారు?”

“అది పగిలినందుకు.”

“ఇన్నేళ్లు తిప్పాను. పగలని ఒక్కదానికీ కొట్టలేదే!”

బాన నడుము దగ్గర తెగింది. కింది సగం పెంకులయింది, మూతి ఉన్న పై సగం నిక్షేపంగా ఉంది. అడుగు పోయిన బానని ఆ ఊళ్లో పారెయ్యరు, డాబా మీద పొగగొట్టంగా నిలబెడతారు.

“నా డాబా ఎక్కించెయ్” అన్నాడు మిరోన్.

“పొగగొట్టమేంట్రా! ఇంకోటి చేసిస్తా.”

“ఎవడు తిప్పుతాడు?”

తప్పయిపోయిందన్న మాట పాలిక్రోనిస్ నాలుక చివరిదాకా వచ్చింది. జన్మలో వాడని మాట కావడంతో అక్కడే తడబడి, దాని బదులు వేరేది బయటికొచ్చింది.

“తాపీవాణ్ణి సున్నం కాస్త ఎక్కువ వెయ్యమను. గాలికి ఊగుద్ది.”

“అలాగే” అన్నాడు మిరోన్.

బాన ఇప్పుడు మిరోన్ డాబా మీద ఉంది. పొగ బాగానే లాగుతుందట. పాలిక్రోనిస్ పొద్దున్నే పనికొట్టు తలుపు తీస్తే మొదట కళ్లబడేది అదే. బస్సు వచ్చిన రోజుల్లో దనాయి దాన్ని ఈ ఊరి ముచ్చటైన ఆచారంగా చూపిస్తుంది. అందరూ తలలెత్తి ఫొటోలు తీసుకుంటారు. మిరోన్ గుమ్మంలోంచి ఎడమచెయ్యి ఊపుతాడు. ఆ వేళకి మేస్త్రీ బయట ఉండడు. లోపల కరెంటు సారె ముందు కూర్చుని, ఎవరూ తిప్పక్కర్లేని చిన్న చిన్న గిన్నెలు చేస్తుంటాడు.