టిన్ను నీళ్ళలో లెన్సులు

మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపు బాబాయి పోయాడు. బడిలో ఉండగా మా నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "గుండెపోటంట. పదకొండో రోజుకి మనల్నీ పిలిసేరు," అన్నాడు. ఆరేళ్ళుగా ఆ ఇంటి ఊసెత్తని మనిషి. పోయినవాళ్ళ గురించి మంచి రాయాలంటారు. ఈయన మంచి రాయాలంటే ముందు నా చెడు రాయాలి, ఓపిగ్గా చదవండి.

ఆయన మాకు చుట్టం కాదు. నర్సీపట్నంలో నా మొదటి కళ్ళజోడు పెట్టింది ఆయనే, అంతే. ఫ్రేము వంకరపోయి వెళ్తే "దీంతో కబడ్డీ ఆడేవేటే?" అని తిట్టి, సరిచేసి, నా ముక్కు మీద తనే పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేవాడు.

టీచరుగా చేరాక పిల్లలు నన్ను చాటుగా సోడాబుడ్డి అంటున్నారని కంట్లో పెట్టుకునే లెన్సులు కావాలన్నాను. వద్దనలేదు. మూడు సాయంత్రాలు షాపులో కూర్చోబెట్టి, పెట్టడం తియ్యడం నేర్పాకే చేతికిచ్చాడు. సబ్బుతో చేతులు కడిగించి, నూగు అంటని బట్టతో తుడిపించేవాడు. "ఈ బుడ్డిలో సొల్యూషన్ తప్ప ఇంకేటీ లెన్సుకి తగలకూడదు. నీళ్ళల్లో కనపడని పురుగుంటాది, అది నల్లగుడ్డు తినేస్తాది. కన్ను ఎర్రబడితే తీసేసి బేగి నా దగ్గరికొచ్చీ." మూడు రోజులూ అదే పాఠం. నేను నవ్వాను. పాఠాలు చెప్పడమే గానీ వినడం నాకు రాదు.

నాతవరంలో మేనత్త కూతురి పెళ్ళిలో సొల్యూషన్ అయిపోయింది. కళ్ళజోడు సంచిలోనే ఉంది. ఫొటోలు కదా, పెట్టుకోలేదు. పెళ్ళివారికి తెప్పించిన మినరల్ వాటర్ టిన్ను ఎదురుగా ఉంది. కుళాయి నీళ్ళయితే భయపడేదాన్నేమో. చంటిపిల్లలకి పట్టే నీళ్ళు, ఇంతకన్నా శుభ్రం ఏముంటుందనుకుని లెన్సులు నానబెట్టే డబ్బీలో అవే పోశాను. ఇంటికొచ్చాక కూడా కొత్త బుడ్డి కొనడానికి బద్ధకించి, వారమంతా టిన్ను నీళ్ళే.

కుడికన్ను నిప్పు పడ్డట్టు మండింది. ఆయన తిడతాడని మందుల షాపులో చుక్కలు కొనుక్కున్నాను. విశాఖలో కంటాసుపత్రికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. "లెన్సులకి నీళ్ళేమైనా తగిలాయా?" అని డాక్టరమ్మ అడిగింది. పక్కన నాన్న. "లేదండీ," అన్నాను. నల్లగుడ్డు మీద పువ్వు పడింది. ఆ కంటికి ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ తెలీదు.

నాన్న తిన్నగా నన్ను వెంటబెట్టుకుని షాపుకెళ్ళాడు. లెన్సుల డబ్బీ, ఖాళీ బుడ్డి బల్ల మీద విసిరి, "నకిలీ సరుకు అంటగట్టి నా కూతురి కన్ను తీసేవు," అని వీధంతా వినేలా అరిచాడు. బాబాయి బుడ్డిని తలకిందులు చేసి చూశాడు.

"సొల్యూషన్లోనే పెట్టేవా అమ్మా?"

"ఆ," అన్నాను.

ఇంకేమీ అడగలేదు. మర్నాటి నుంచి లెన్సులు అమ్మడం మానేశాడు. జనం కళ్ళజోళ్ళకి కూడా ఆ షాపు ఎక్కడం మానేశారు. నేను రోజూ ఆ ముందు నుంచే బడికి వెళ్ళాను. షాపు నా కుడిచేతి వైపు. తల తిప్పుకోవలసిన శ్రమ కూడా లేకపోయింది.

పదకొండో రోజు భోజనాలకి వెళ్ళాం. ఆయన భార్య, నేను పిన్నీ అనే ఆవిడ, లోపలి గదిలోకి పిలిచింది.

"మన ఊళ్ళో ఆ మందు మా షాపులోనే దొరుకుతాది. నెలకో బుడ్డి. నెల దాటిపోయినా నువ్వు రెండోది కొనలేదు. ఆయనకి ఆ రోజే తెలిసిపోయింది. సెప్పెయ్యండని నేను పోరేను. 'పిల్లకి కన్ను ఎలాగూ పోయింది, తండ్రి దగ్గర మాట కూడా పోవాలా' అన్నారు. నాకంత మంచితనం లేదమ్మా. అన్నం తినేసి ఎల్లు."

బయట పంక్తిలో నాన్న సాంబారు కలుపుకుంటూ పక్కాయనతో అంటున్నాడు: "మనిషి మంచోడేనండి. సరుకే మంచిది కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న మీద కాదు.

"నాన్నా, లెన్సులు టిన్ను నీళ్ళలో పెట్టింది నేను. ఆయన వద్దని మరీమరీ సెప్పేడు. నేనే పెట్టేను," అన్నాను, పంక్తంతా వినేలాగే.

నాన్న చెయ్యి కలిపిన అన్నం మీదే ఆగిపోయింది. వడ్డించేవాళ్ళు వచ్చి పెరుగు వెయ్యమంటారా అని అడిగారు. కాసేపాగి మళ్ళీ వచ్చి అడిగారు.