వరసలో నిలబడ్డ ఉత్తరం

బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మెయిల్ సర్వర్ చూసుకునే ఆవిడను అందరూ తపాలక్క అంటారు. ఆమె గది మెట్ల కింద. నిలబడితే తలకు మెట్టు, కూర్చుంటే మోకాలికి సర్వర్ తగులుతాయి. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగమే.

ఆ సర్వర్‌కు ఇంటర్నెట్ దారి లేదు. లోపలి ఉత్తరాలు లోపలే తిరుగుతాయి. ఈ సంగతి కార్మికులకు ఎవరూ చెప్పలేదు. బయటికి రాసిన ఉత్తరం నాలుగైదు రోజులు ఆగి, అందలేదంటూ వెనక్కి రావాలి. మొదట్లో అలా ఒకటి మేనేజర్‌కే వచ్చింది. "ఈ దరిద్రం నా కంట పడకూడదమ్మా!" అని ఆయన ఎగిరిపడ్డాడు. సరేనని ఆమె మార్చేసింది: ఏ ఉత్తరమూ వెనక్కి రాదు, ఎన్నేళ్లయినా వరసలో నిలబడుతుంది. ఆ తర్వాత ఆ వరసను ఆమె కూడా మరిచిపోయింది.

ఇప్పుడు ఇంటర్నెట్‌కు కలపమని హెడ్డాఫీసు హుకుం. వరస తెరిచి చూస్తే నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు! అందులో సొంత చెల్లెలిది ఒకటి. కుట్టు విభాగంలో మిషన్ తొక్కే ఆ పిల్ల మూడేళ్ల క్రితం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కు రాసింది: "వెనక తలుపుకు తాళం వేశారు. నిప్పంటుకుంటే రెండొందల మందిమి ఎటు పోవాలి?"

ఇంటికెళ్లి చెప్పక తప్పలేదు.

"నా ఉత్తరం నీ మెట్ల కిందే పడుకుందా? మూడేళ్లుగా ఆ ఇన్‌స్పెక్టర్‌ని తిట్టని రోజు లేదు కదక్కా!"

"తిట్లు అందే ఉంటాయిలే."

"రేపు పంపకపోతే ఆ తిట్లన్నీ నీకే."

మర్నాడు మేనేజర్ జాబితా చూసి గతుక్కుమన్నాడు. "పాతవన్నీ చెరిపేసి దారి తెరువమ్మా."

"రాతలో ఆర్డరు కావాలి సార్. ఏది చెరపాలన్నా ముందు ఆ ఆర్డరు కాపీ హెడ్డాఫీసుకు చేరాలని మీరే రూల్ పెట్టారు."

ఆయన ధీమాగా టైపు చేశాడు: "వెనక తలుపు ఫిర్యాదుతో సహా అన్నీ చెరిపేయవలెను." హెడ్డాఫీసు చిరునామా కూడా బయటిదే. కాపీ వెళ్లి నాలుగు వందల పదమూడోదిగా వరసలో నిలబడింది.

"సార్, కాపీ చేరాకే చెరపాలి. చేరాలంటే దారి తెరవాలి. తెరిస్తే వరసంతా కదులుతుంది."

"అంటే ఏమంటావు?"

"నేనేమంటాను సార్? రూల్ అంటోంది."

"ఏదో ఒకటి తగలబెట్టు, నాకు ఆకలేస్తోంది!"

తలుపుకు తాళం వేసేవాళ్లకు వేళకు ఆకలేస్తుంది. లోపల మిషన్ తొక్కేవాళ్లకు నీళ్లు తాగడానికీ అనుమతి కావాలి.

తపాలక్క సర్వర్‌కు ఒక్క వాక్యం రాసింది: బయటి చిరునామా ఉన్నది ఏదైనా, ఇంటర్నెట్‌లోకి దాటించే గేట్‌వే సర్వర్‌కు అప్పగించు. వరస కదిలింది. ఒకామెకు మనవడు పుట్టాడన్న కబురు కూడా వెళ్లింది; వాడిప్పుడు బడికి పోతున్నాడు.

నాలుగో రోజు చెల్లెలి ఉత్తరం పట్టుకుని ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఐదో రోజు మేనేజర్ ఉత్తరం పట్టుకుని హెడ్డాఫీసువాళ్లు. తాళంచెవి ఎవరి దగ్గరా దొరకలేదు, సుత్తితో పగలగొట్టారు.

తపాలక్క ఇంకా కాంట్రాక్టే. చెల్లెలు మాత్రం రోజూ ఆ వెనక తలుపులోంచే ఇంటికి వస్తోంది. అటు నుంచి దూరం ఎక్కువ.