పోపుగారు లేని రోజుల్లో కుందుర్పి దారి

దసరా సెలవులు ఇచ్చిన రోజున మా నాన్న నన్ను పిలిచి, "ఒకసారి అనంతపురం జిల్లా వెళ్ళి మీ అన్నయ్యను చూసి రా. వాడు అంగీ విడిచేస్తాడేమోనని భయంగా ఉంది" అన్నాడు.

మా అన్నయ్య ఫాదర్ శౌరయ్య గురుపట్టం పుచ్చుకుని పుష్కరం దాటింది. కుందుర్పి దగ్గర ఎర్రబండపల్లి అనే ఊళ్ళో అక్కడి గుడి బాధ్యత చూసే విచారణ గురువుగా ఉన్నాడు. బిషప్ గారు ఆయన్ను అక్కణ్ణించి మార్చారనీ, ఊరివాళ్ళు గుడికి తాళం వేసి కొత్త గురువును రానివ్వలేదనీ, అన్నయ్య కూడా కదలకుండా అక్కడే కూర్చున్నాడనీ మాకు తెలిసిన ఒక సిస్టరుగారు చెప్పారు. ఆ రోజుల్లో మా గుంటూరు వైపు కూడా అంగీ విడిచి, అంటే గురుత్వం వదులుకుని, ఉద్యోగాల్లో చేరిన గురువులు ఉన్నారు. లతీను పూజ పోయి తెలుగు పూజ వచ్చాక, గోడవైపు ఉన్న పీఠం జనంవైపు తిరిగాక, గురువుల మనసులు కూడా ఎటో తిరిగాయని మా నాన్న నమ్మకం. దానికి తోడు ఆ ఏడు ఆగస్టులో రోమ్‌లో పోపుగారు పోయారు. ఆయన తర్వాత వచ్చిన ఆయన నెల దాటిన కొద్ది రోజులకే పోయారు. ఇంకొకరిని ఎన్నుకోవాల్సి ఉంది. ఇదంతా మంచి శకునం కాదన్నాడు నాన్న.

గుంటూరులో సాయంత్రం మీటరుగేజి బండి ఎక్కితే తెల్లవారేసరికి గుంతకల్లులో దింపుతుంది. నల్లమల దాటేటప్పుడు చలి వేస్తుంది, దుప్పటి ఉండాలి. గుంతకల్లు స్టేషను బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాను. బొరుగులు నానబెట్టి పిండి తాలింపు పెడతారు. మొదటి ముద్దకు వింతగా ఉంటుంది, రెండో ముద్దకు అలవాటవుతుంది. ఎనిమిది గంటల బస్సులో గుత్తి మీదుగా అనంతపురం బయలుదేరాను. గుత్తి కోట కొండ చాలాసేపు కిటికీలో కనబడుతూనే ఉంది. ఆ తర్వాత రోడ్డుకు రెండువైపులా వేరుశనగ చేలు. అక్టోబరులో పచ్చగా ఉండాల్సిన చేలు నేల రంగులో ఉన్నాయి.

అనంతపురం బస్టాండు ఎదుట మెస్సులో భోంచేసి కళ్యాణదుర్గం బస్సు ఎక్కాను. పక్క సీట్లో ధర్మవరం మనిషి, పేరు నారాయణప్ప. కళ్యాణదుర్గంలో ఎవరింటి పెళ్ళికో పట్టుచీరలు తీసుకుపోతున్నాడు. మూటను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏమప్పా, యాడికి పోతాండావు?" అని అడిగాడు.

చెప్పాను.

"ఆ గుడికి తాళం ఏసినారంట గదా. మీ అన్నేనా ఆడ ఉండేది?" అని నన్ను ఇంకొకసారి తేరిపార చూశాడు. "మీ పెద్దసామి రోమాలో పోయినాడంట. ఆయప్ప ఎనకాలే ఇంకొకాయప్ప. ఏమో ఉండాదిలే అన్నా అందులో."

గుండె ఆగి పోయారని పేపర్లో రాశారని చెప్పాను.

"పేపరోల్లకు చెప్పిందెవురు?" అన్నాడు. మూట సర్దుకుని, "మా దాంట్లోనూ ఇంతేలే. మఠంలో సామి పోతే లోపలోల్లు ఒకటి చెప్తారు, బయటోల్లు ఒకటి అనుకుంటారు. నిజం ఆ సామితోనే పోతాది" అన్నాడు.

కళ్యాణదుర్గంలో మూడు గంటలు కూర్చోవలసి వచ్చింది. కుందుర్పి బస్సులు రోజుకు రెండే. అడ్డరోడ్డులో దిగి ఎర్రమట్టి బాటలో నడిస్తే, చీకటి పడకముందే రాతిగుడి గోపురం, దానిమీద సిలువ కనిపించాయి. తలుపుకు ఇత్తడి తాళం. పక్క గదిలో అన్నయ్య తెల్ల అంగీలోనే ఉండి పొయ్యి ఊదుతున్నాడు.

"నాన్న పంపించాడా?" అన్నాడు.

భోజనం దగ్గర అన్నయ్య జరిగింది చెప్పాడు. ఆ గుడిని వెనకటి కాలంలో విదేశీ గురువులు కట్టించారు. తలుపు నుంచి పీఠం దాకా మధ్యలో నడుమెత్తు టేకు కటకటాలు ఉండేవి. కుడివైపు ఊళ్ళో భూములున్న క్రైస్తవ కుటుంబాలు, ఎడమవైపు ఊరికి ఎడంగా ఉండే పేటవాళ్ళు. పూజలో పంచే దివ్యసత్ప్రసాదం ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. మా ఊళ్ళో కటకటాలు లేవు గాని పద్ధతి అదే. మేము కుడివైపు వాళ్ళం. ఆ ఏడాది మొదట్లో గురువుల సమావేశంలో బిషప్ గారు, రోమ్ మహాసభ చెప్పిన మార్పులు పల్లెల్లో కూడా రావాలని, దేవుని ఇంట్లో హెచ్చుతగ్గులు ఉండకూడదని మాట్లాడారట.

"చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. తిరిగొచ్చి వడ్రంగిని పిలిపించి కటకటాలు తీయించాను" అన్నాడు అన్నయ్య. "ఆ ఆదివారం కుడివైపు ఒక్కరూ రాలేదు. రెండు నెలలకు బదిలీ వచ్చింది. కారణం రాయలేదు. పేటవాళ్ళు గుడికి తాళం వేశారు."

"ఇప్పుడేం చేస్తావు?"

"ఉండాలంటే అంగీ లేకుండా ఉండాలి. ఉండి ఇక్కడే బడి పెట్టుకుంటే ఏం, అనిపిస్తోంది."

నాన్న భయపడింది ఇందుకే.

మరునాడు పొద్దున నీళ్ళకోసం వంకలోకి వెళ్ళాం. వంక ఎండిపోయి ఉంది. ఇసుకలో లోతుగా తవ్విన చెలమ చుట్టూ, గొర్రెలు పడకుండా దడిలాగా నల్లగా నిగనిగలాడే టేకు కటకటాలు పాతి ఉన్నాయి. పూల చెక్కడం కూడా చెదరలేదు. పేట ఆడవాళ్ళు వాటిమీద ఒక చెయ్యి ఆనించి వంగి ముంతలతో నీళ్ళు తోడుకుంటున్నారు.

అక్కడే సుందరమ్మను చూశాను. ఊళ్ళో జపాలు నేర్పే ఉపదేశి ఒకాయన ఉండి పోయాడట, ఆయన భార్య. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. గంట కొట్టేది ఆమే, తాళంచెవి ఉన్నదీ ఆమె దగ్గరే. అన్నయ్యను చూసి బిందె దించింది.

"సామీ, ఒక మాట అడగల్ల. రోమాలో ఇప్పుడు పోపు లేడు గదా?"

"లేరమ్మా. కొత్తాయన్ను ఎన్నుకోవాలి."

"మరి పోపు లేకుంటే బిషప్పుకు అధికారం యాడిది? నిన్ను మార్చినాడే, ఆ మాట ఇప్పుడు చెల్లుతాదా?"

తోడుకుంటున్న చేతులు ఆగిపోయాయి. అందరూ అన్నయ్య వైపే చూస్తున్నారు. తెలియదమ్మా అన్నా చాలు, వాళ్ళు ఇంకొన్నాళ్ళు తాళం తీయరు. అన్నయ్య చేతిలోని బిందె ఇసుకలో పెట్టాడు.

"చెల్లుతుందమ్మా. పోపుగారు లేకపోయినా బిషప్ గారి మాట పోదు."

"అట్లనా" అంది సుందరమ్మ. బిందె నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత బిషప్ గారి తరఫున ఒక ముసలి గురువు జీపులో వచ్చారు. అప్పటికే గుడి ముందు పేటవాళ్ళు కూర్చుని ఉన్నారు. కాస్త ఎడంగా, వేపచెట్టు నీడలో కుడివైపు వాళ్ళ పెద్దమనిషి ఇన్నాసప్ప, ఇంకో నలుగురు నిలబడ్డారు. ముసలాయన మంచివాడిలాగే ఉన్నాడు. దిగగానే మంచినీళ్ళు అడిగాడు. సుందరమ్మ చెంబుతో తెచ్చి ఇచ్చింది. తాగి, చెంబు చేతికిచ్చి, "తాళంచెవి ఇస్తావా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఇస్తా సామీ. కటకటాలు మళ్ళా పెట్టేది లేదని ఒక మాట చెప్పండి, ఈడనే ఇస్తా."

"ఆ మాట నేను చెప్పలేనమ్మా. బిషప్ గారిని అడగాలి."

"ఆయప్పను అడిగితే?"

"ఆయన పైవాళ్ళను అడగాల్సి ఉంటుంది."

"పైన ఎవురూ లేరు గదా సామీ ఇప్పుడు."

ఎవరూ నవ్వలేదు. ఇన్నాసప్ప చెట్టుకింది నుంచే అన్నాడు: "అవి మా తాత దుడ్లు పెట్టి చేయించిన కటకటాలు సామీ. చెలమ కాడ పాతుకున్నారు. అది న్యాయమేనా, మీరే చెప్పండి."

"మీ తాత గుడికిచ్చినాడా, మీకిచ్చినాడా?" అని పేటలోంచి ఎవరో అన్నారు. గొంతులు లేచాయి. ముసలి గురువు రెండు చేతులూ ఎత్తి ఆపడానికి చూశాడు గాని ఎవరూ ఆయన మాట వినే స్థితిలో లేరు. సుందరమ్మ మాత్రం అటు చూడలేదు. అన్నయ్య వైపు తిరిగింది.

"నువ్వేమంటావు సామీ? నువ్వు ఉండమంటే మేము ఉంటాం. పోలీసులొచ్చినా సరే."

అన్నయ్య ముఖం తెల్లబోయింది. నేను ఆయన్ను ఎన్నో సందర్భాల్లో చూశాను, అమ్మ పోయినప్పుడు చూశాను, అట్లా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"ఇచ్చేయి సుందరమ్మా" అన్నాడు చివరికి.

ఆమె రొంటిలోంచి తాళంచెవి తీసింది. ముసలి గురువుకు ఇవ్వలేదు. అన్నయ్య చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి పేట వైపు నడిచింది. మిగతావాళ్ళు ఒక్కరొక్కరే లేచి ఆమె వెనకే పోయారు. తాళంచెవిని ముసలాయనకు అందించింది అన్నయ్యే.

సాయంత్రం ఆయన బట్టలు సర్దుకుంటుంటే అడిగాను, ఎందుకిలా చేశావని.

"నేను మొండికేసి ఉంటే గుడి రెండు ముక్కలయ్యేది. అంగీ తీసేస్తే వీళ్ళ బిడ్డలకు జ్ఞానస్నానం ఇవ్వలేను, చావబోయేవాడి నుదుట నూనె రాసి అభ్యంగనం ఇవ్వలేను. వాళ్ళు నన్ను రమ్మన్నది వాటికోసమే కదా?"

"అంతేనా?"

చొక్కా ఒకటి మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. "భయం కూడా ఉంది" అన్నాడు.

మర్నాడు పొద్దున పేటలోంచి నడిచి వెళ్ళాం. తలుపులు తీసే ఉన్నాయి, మనుషులు లోపల పనుల్లో ఉన్నారు. ఎవరూ బయటికి రాలేదు. ఎవరూ తిట్టనూ లేదు. అడ్డరోడ్డు దగ్గర మాత్రం సుందరమ్మ కూర్చుని ఉంది. మాకంటే ముందే వచ్చినట్టుంది. గుడ్డలో కట్టిన రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ నా చేతికిచ్చింది.

"నిన్ను మేము నమ్మినాము సామీ. నువ్వు పైవాళ్ళను నమ్మినావు" అంది అన్నయ్యతో. కోపంగా అనలేదు. వానలు పడలేదని చెప్పినట్టు చెప్పింది.

బస్సు ఆగింది. ఎక్కబోతూ అన్నయ్య చెయ్యెత్తి ఆశీర్వదించాడు. ఆమె అలవాటుగా కొంగు తలమీదికి లాక్కుని వంగింది.

ఆ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం తర్వాతి సంగతి ఇక్కడే చెబుతాను. గుడి తెరిచే ఉంటుంది, చూడనిస్తారు. కటకటాలు మళ్ళీ పెట్టలేదు. అలాగని పెట్టవద్దని ఎవరూ ఉత్తర్వూ ఇవ్వలేదు. ఇన్నాసప్ప వాళ్ళు తిరిగొచ్చి కుడివైపు కూర్చుంటున్నారట. పేటవాళ్ళలో సగంమంది గుడి బయట వసారాలో కూర్చుని, పూజ విని, లోపలికి రాకుండానే వెళ్ళిపోతారట. వసారాలో ఎందుకని కొత్త గురువు అడిగితే, ఈడ గాలి వస్తాది అంటారట.

ఆ రోజు మేము కళ్యాణదుర్గంలో బస్సు మారాలి. హోటల్లో టీ తాగుతుంటే యజమాని రేడియో చెవి దగ్గరికి తీసుకుని విని, అన్నయ్య అంగీని చూసి, "సామీ, మీకు కొత్త పోపు వచ్చినాడంట. ఈసారి ఇటలీ ఆయప్ప కాదంట, యాడిదో వేరే దేశమంట. వందల ఏండ్లకు ఇదే మొదలంట" అన్నాడు. అన్నయ్య లేచి రేడియో దగ్గరికి వెళ్ళి నిలబడి విన్నాడు. పక్క బల్ల మనిషి, "యాడోడైతేనేమి, మనకాడికొచ్చి చూస్తాడా?" అన్నాడు. యజమాని, "ఒగ యాల ఇతను వేరేగా ఉంటాడేమో చూద్దాం లేప్పా" అన్నాడు. అన్నయ్య రేడియో దగ్గరే ఉండిపోయాడు. టీ చల్లారిపోయింది.

అనంతపురం మీదుగా గుంతకల్లు చేరి ఇద్దరం ఇంటికి సాయంత్రం బండి ఎక్కాం. మూడో తరగతి పోయి అంతా రెండో తరగతి అయ్యాక కూడా బల్లలు చెక్కవే. ఎదురుగా ఒక గుత్తి వైపు ఆడమనిషి. ఒళ్ళో నాలుగేళ్ళ ఆడపిల్ల జ్వరంతో మూలుగుతోంది. నంద్యాలలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోతోందట. తల్లి నుదుట బొట్టు, మెడలో ఆంజనేయస్వామి బిళ్ళ. కాసేపు అన్నయ్యనూ, ఆయన అంగీనీ చూసి, "సామీ, బిడ్డ తలమీద రవంత చెయ్యి పెట్టు" అంది.

"నేను డాక్టరును కాదమ్మా" అన్నాడు అన్నయ్య.

"తెలుసులే సామీ. పెట్టు."

అన్నయ్య ముందుకు వంగి చెయ్యి పెట్టాడు. పెదవులు కదిలాయి. పిల్ల కాసేపు అటూ ఇటూ కదిలి, ఆ చేతికింద అలాగే నిద్రపోయింది. తల్లి కూడా కిటికీ చెక్కకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆమె ఆయన పేరు అడగలేదు, ఏ ఊరి సామి అనీ అడగలేదు. చెయ్యి తీస్తే పిల్ల లేస్తుందని కాబోలు, అన్నయ్య అలాగే వంగి కూర్చున్నాడు. నడుం నొప్పి పుడుతుంది, వెనక్కి ఆనుకో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. డోను స్టేషను వచ్చి వెళ్ళిపోయినా ఆ చెయ్యి తీయలేదు.