వంటగట్టు ఎత్తు

పుష్పలత టీచరు గారు ముప్పై ఏళ్లుగా తెనాలిలో అద్దె ఇళ్లలోనే ఉన్నారు. మనిషి పొట్టి. ఏ ఇంటి వంటగట్టూ ఆవిడ ఎత్తుకు కట్టింది కాదు. ఇల్లు మారినప్పుడల్లా సామాన్లలోంచి ముందుగా ఓ చెక్కపీట దిగేది. దానిమీద నిలబడి ఒక్క గ్లాసు టీ కాచుకునేవారు. రిటైరయ్యాక నందివెలుగు దగ్గర స్థలం కొని, మేస్త్రీ గంగయ్యతో మాటలు మొదలుపెట్టారు. తలుపెటు, కిటికీ ఎంత అని అతను ఏదడిగినా, "మా వాళ్లని కనుక్కుని చెబుతాను" అని వరిచేను అంచుదాకా వెళ్లి, మోగని ఫోను చెవికి ఆనించి, కాసేపు గాలికి తలూపి వచ్చేవారు. ఒంటరి మనిషికైతే ఎలాగోలా కట్టి పడేస్తారని ఆవిడ భయం.

నేలమీద సున్నంతో ఇంటి గీతలు పోసిన రోజు, గంగయ్య వంటింటి గీతల మధ్య నిలబడి టేపు లాగాడు. "మీ ఒక్కరి ఎత్తే చూసి గట్టు కడితే మిగతావాళ్ల నడుం విరిగిపోద్దమ్మా. ఇంట్లో ఆడోళ్లని ఓసారి తీసుకురండి, అందరికీ సరిపడా కడతాను." టీచరు గారు అలవాటుగా ఫోను తీసి చేను వైపు రెండడుగులు వేశారు. పీట గుర్తొచ్చింది. వెనక్కి వచ్చారు. "మా వాళ్లంటూ ఎవరూ లేరు గంగయ్యా. నా ఎత్తుకే కట్టు." గంగయ్య టేపు చుట్టేశాడు. ఆవిడ ముందు ఇటుకలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ వచ్చి, "ఇక్కడికి చాలాండి?" అన్నాడు. ఆవిడ చెప్పులు విడిచి, పాదాలు మట్టికి ఆనించి, లేని స్టవ్వు వెలిగించి చూసుకున్నారు.

"ఒక్క ఇటుక తియ్యి," అన్నారు.