అడిగి నేయించిన తప్పులు

అరకులో టూరిస్టులకు చేనేత చీరలు అమ్ముతాను. ప్రతి చీరకూ ఒక అట్టముక్క కట్టి, దానిమీద ‘నేసిన చేతికి గౌరవం’ అని అచ్చు వేయించాను. ఆ మాట నేనే రాశాను. రాసిన రోజు నా కళ్లే చెమర్చాయి.

నాకు నేసిచ్చేది ముంచింగిపుట్టు దగ్గర ఒక ముసలాయన. ముతక నూలు, చెట్టువేరు ఉడకబెట్టి తీసిన ఎరుపుతో అంచు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లికూతురికి కట్టేది ఆయన చీరే. పోగు తప్పిన చీర పెళ్లికి పనికిరాదని వాళ్ల పట్టింపు.

మా షాపులో ఆ పనితనమే చిక్కు తెచ్చింది. ఒకావిడ చీరను అటూ ఇటూ తిప్పి, “ఒక్క తప్పూ లేదు, ఇది మిషన్‌దేనండీ” అని పక్కన పడేసింది. మర్నాడే కొండెక్కాను.

“తాతా, అక్కడక్కడా పోగు తప్పించు. చేత్తో నేసినట్టు కనబడాలి.”

“సేత్తోనే నేత్తన్నాను కదేటి?”

“కొనేవాళ్లకి తెలియాలి కదా.”

“తప్పు నేయడానికి నానెందుకు బాబూ? నువ్వు కూకో మగ్గం మీద. బాగా వత్తాది.”

చివరికి నా పోరు పడలేక ఒప్పుకున్నాడు.

తర్వాతిసారి నేను అక్కడుండగానే ఒక పెళ్లికూతురి నాయనమ్మ చీర నేయమని చెప్పడానికి వచ్చింది. మగ్గం మీది బట్టను వేలితో తడుముతూ, పోగు తప్పినచోట ఆగింది.

“కళ్లు ఆనడం లేదేటన్నా?”

ఆయన నావైపు చూశాడు. నా చేతిలో అట్టముక్కల కట్ట ఉంది. ఫోన్ తీసి సిగ్నల్ వెతికాను. ఆ ఊళ్లో సిగ్నల్ ఉండదని నాకు తెలుసు. ఆమె వెళ్లిపోయింది. ఆ తర్వాత పెళ్లిచీర కోసం ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు.

రెండు నెలలకు గాని నాకు ధైర్యం రాలేదు. సంతలో ఆ నాయనమ్మను వెతికి పట్టుకున్నాను.

“అమ్మా, ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. ఆ తప్పులు నేనే అడిగి వేయించాను. మా దగ్గర అవి చూసే కొంటారు.”

ఆమె పక్కామెకు చెప్పింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

“తప్పులు ఏరి కొనుక్కునేవోలుంతారేటి?” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “ముసలోడి పరువు కోసం ఇంత అబద్దం ఆడతన్నావు. మంచోడివి బాబూ. కూకో, టీ తాగు.”

ఇంకో రెండుసార్లు చెప్పి చూశాను. టీ చల్లారిపోతోందంది. తాగాను.