ఐదో అంతస్తు మిగిల్చి వెళ్లిన మాస్టారు

మంగళవారం పొద్దున నోవై ఊళ్లో కారు అద్దాల మీద మంచు గీకుతుండగా మాస్టారి భార్య ఫోన్ చేశారు. తెల్లవారుజామున గుండెపోటుతో ఆయన పోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. శుక్రవారానికల్లా ఐదో అంతస్తు పని పూర్తి చేయాల్సిన మనిషి, ముందురోజు కూడా రేపు చూద్దాంలే అని ఇంటికి వెళ్లారు.

ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ఇక్కడ ఒక ఆసుపత్రిలో వైఫై చూసుకునే మా టీమ్‌కి పెద్ద. ప్రతిదీ అంత నిదానంగా వివరిస్తారని నేనే మాస్టారూ అనడం మొదలుపెట్టాను.

మా పని చెప్పుకుంటే చిన్నదే. నర్సు ఫోన్‌లో మాట్లాడుతూ నడుస్తుంటే, పైకప్పుకున్న ఒక వైఫై పెట్టె నుంచి ఇంకో పెట్టెకి ఆమె ఫోన్ మారుతుంది. కొత్త పెట్టె నువ్వెవరని మొదటినుంచీ ఆరా తీసేలోపు మాట తెగిపోతుంది. ఫాస్ట్ రోమింగ్ ఆన్ చేస్తే ఆ పరిచయాలు ముందే అయిపోతాయి. స్క్రీన్ మీద ఒక్క టిక్ పెట్టాలి, అంతే. ఆ ఒక్క టిక్‌కి మాస్టారు అంతస్తుకో నెల తీసుకునేవారు.

ముందు ఆ అంతస్తులో వైఫై వాడే ప్రతి వస్తువునూ కాగితం మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. అదంతా సాఫ్ట్‌వేరే చూపిస్తుందని వందసార్లు చెప్పాను. తర్వాత నాకు ఫోన్ చేసి, ఒకటి, రెండు, మూడు అని తెలుగులో పైకి లెక్కపెడుతూ కారిడార్ అంతా నడిచేవారు. ఏ అంకె వినపడలేదో నేను రాసుకోవాలి. నలభై ఆరు పోయిందంటే వెనక్కి వెళ్లి మళ్లీ నలభై నుంచి మొదలు. పేషెంట్ల బంధువులు ఆయన్ని వింతగా చూసేవారు. మీకూ ఇలాంటి పెద్దమనిషి ఎక్కడైనా తగిలి ఉంటే నా అవస్థ అర్థమవుతుంది.

ఒకరోజు ఓపిక నశించి, ఆయన లంచ్‌కి వెళ్లినప్పుడు మూడో అంతస్తు మొత్తానికీ నేనే టిక్ పెట్టేశాను. ఫోన్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. మందుల బండ్ల మీదున్న పాత బార్‌కోడ్ స్కానర్లకి మాత్రం ఆ కొత్త పద్ధతి తెలియదు. అన్నీ నెట్‌వర్క్ నుంచి ఊడిపోయాయి, నర్సులు బండ్లతో ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఎవరి పని ఇది అని మేనేజర్ అడిగాడు. అప్పుడు నా వీసా ఎక్స్‌టెన్షన్‌లో ఉంది, ఉద్యోగం పోతే దేశం వదలాల్సిందేనని స్క్రీన్ వైపు తిరిగిపోయాను. మాస్టారు “మై మిస్టేక్” అన్నారు.

పార్కింగ్‌లో మాత్రం నన్ను ఆపారు. “కొత్తది ఆన్ చేసే ముందు అక్కడ పాతవి ఏమున్నాయో కనుక్కోవాలమ్మా. వాటికి వేరే నెట్‌వర్క్ పెడితే సరిపోయేది కదా,” అన్నారు. గట్టిగా తిట్టినా బాగుండేది. ఆయనకి నేను సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు.

ఐదో అంతస్తు ఐసీయూ. డాక్టర్‌తో మాట్లాడుతుంటే డబుల్ డోర్ల దగ్గర కాల్ కట్ అవుతోందని అక్కడి హెడ్ నర్సు రోజూ మా మీద విరుచుకుపడేది. శుక్రవారానికి కాకపోతే బయటి కంపెనీకి ఇచ్చేస్తానన్నాడు మేనేజర్. వాళ్లొస్తే మూడో అంతస్తులో నేను చేసిన పనే ఐసీయూలో చేసి పోతారు.

గురువారం అంత్యక్రియలయ్యాయి. శుక్రవారం పొద్దున మాస్టారి డెస్క్ మీద ఐదో అంతస్తు కాగితం దొరికింది. అన్నిటి పక్కనా టిక్కులున్నాయి, ఒక్క స్కానర్ పక్కన మాత్రం “ఇదెక్కడ?” అని రాసి ఉంది. నాకెలా తెలుస్తుంది మాస్టారూ అని ఖాళీ కుర్చీ మీద విసుక్కున్నాను. సాఫ్ట్‌వేర్‌లో దాని జాడే లేదు. మధ్యాహ్నం దాకా వెతికితే సప్లై రూమ్ అల్మరాలో, ఆఫ్ చేసి దొరికింది. రక్తం ఎక్కించే ముందు సంచి మీద నంబర్ సరిచూడటానికే దాన్ని బయటికి తీస్తారట. ముందే టిక్ పెట్టేసి ఉంటే, అవసరమైనప్పుడు అది నెట్‌వర్క్‌కి అందేది కాదు. దాన్ని వేరే నెట్‌వర్క్‌లోకి మార్చి, పనిచేస్తోందో లేదో రెండుసార్లు చూసుకుని, అప్పుడు ఫోన్ల నెట్‌వర్క్‌కి టిక్ పెట్టాను.

సాయంత్రం హెడ్ నర్సు ఎవరో పేషెంట్ గురించి డాక్టర్‌తో ఫోన్‌లో వాదిస్తూ వచ్చింది. నన్ను చూడను కూడా లేదు. భుజంతో డబుల్ డోర్లు తోసుకుని అటువైపు వెళ్లిపోయింది. తలుపులు మూసుకున్నాక కూడా ఆవిడ గొంతు ఎక్కడా ఆగకుండా, కారిడార్ చివరిదాకా వినిపిస్తూనే ఉంది.