ప్రభువుకి తువ్వాలేసిన సీటు

వజ్రపుకొత్తూరు నుంచి పలాస తిరిగే షేర్ ఆటోల్లో జనాన్ని ఎక్కించడానికి ఓ హద్దంటూ లేదు. వెనకసీట్లో పట్టినంతమంది, వాళ్ల ఒళ్లో ఇంకొంతమంది, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, మిగిలినవాళ్లు గబ్బిలాల్లా వేలాడాలి. అలాంటి ఆటో నడుపుతూ నిరంజన్ తన ఎడమపక్క సీటు ఖాళీగా ఉంచేవాడు. ఖాళీ అంటే ఒప్పుకునేవాడు కాదు. దాని మీద ఉతికిన తెల్ల తువ్వాలుండేది. బస్సు కిటికీలోంచి తువ్వాలేసి మనం సీటు ఆపుకోమూ, అలాగే అతను ప్రభువుకి ఆపాడు.

ఊరికే కాదులెండి. బాప్తిస్మం తీసుకున్న కొత్తలో ఒకసారి పూండి దగ్గర బ్రేకులు పడక ఆటో కొబ్బరితోటలోకి దూసుకుపోయింది. ఒక్క చెట్టుకీ తగలకుండా ఇసుకలో ఆగింది. అడుగుకో చెట్టుండే మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్టుకి తగలకుండా ఆగడమంటే మాటలా! పక్కన ఎవరో కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నట్టు అనిపించింది నిరంజన్‌కి. అప్పట్నుంచీ తువ్వాలు. కానీ ఆ చెయ్యి మళ్లీ తెలియలేదు. ఈ మాట ఇంట్లో కూడా చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయేవాడు.

రోజూ వెనక వేలాడే కొబ్బరిరైతు పాపారావు మాత్రం వదిలేవాడు కాదు.

"నీ ప్రభువు ఏ స్టాపులో దిగుతాడ్రా అల్లుడా? అక్కడ నాను కూకుంటాను."

"ఆయన దిగరు మావా."

"టిక్కెట్టయినా తీసేడేటి?"

ఒకసారి పాపారావు ఆ సీటు మీద పనసపండు పెడితే, నిరంజన్ నడిరోడ్డు మీద ఆటో ఆపి పండుని అతని చేతికే ఇచ్చేశాడు. వానొస్తే ముందుగా ప్రభువు పక్క పరదా దించేవాడు. వెనక ముసలమ్మలు తడిసి ముద్దయ్యేవారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఓ పొద్దున్న కిక్కిరిసిన ఆటోకి బొడ్డమ్మ చెయ్యెత్తింది. కిడ్నీ జబ్బు మనిషి, పలాసలో డయాలసిస్‌కి వెళ్లాలి. ఆలస్యమైతే ఆ రోజు వరస తప్పిపోతుంది, ఊపిరాడదు. అప్పటికే కాళ్లు పొంగి ఉన్నాయి. తర్వాతి ఆటో ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఆ దేవుడేమో ఈ ఆటోలోనే ఉన్నాడాయె.

"సోటు లేదమ్మా," అన్నాడు నిరంజన్.

"మరిదేటి?"

"ప్రభువు కూకున్నారు."

బొడ్డమ్మ నవ్వలేదు, తిట్టలేదు. ఏటేటా గ్రామదేవతకి ఘటం ఎత్తే మనిషి, ఎవరి దేవుణ్నీ చులకన చెయ్యదు. తువ్వాలుకి దండం పెట్టింది.

"నాయినా, నువ్వు గట్టిగున్నావు. నాకు కాళ్లాడ్డం లేదు. కూసింత ఎనక్కెల్లి ఏలాడు తండ్రీ. పాపారావు పక్కన సోటుంది."

"ఇక్కడ సోటు లేదు!" అని కేకేశాడు పాపారావు. కేకేసి, కాస్త జరిగాడు కూడా.

అందరూ సీటు వైపే చూశారు. నిరంజన్ కూడా బదులు కోసం ఎదురుచూశాడు. ప్రభువు ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారమని బొడ్డమ్మ తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆటో ఎడమకి ఒరిగింది. ఇన్నాళ్లలో ఎప్పుడూ అటు ఒరగలేదు. గోతుల దగ్గర భయపడి ఆవిడ వాచిన చేత్తో హ్యాండిల్ పట్టుకుంది. నిరంజన్ ఒళ్లు ఝల్లుమంది. కొబ్బరితోటలో తెలిసిన చెయ్యి అదే. సంతోషం పట్టలేక ఏడ్చేశాడు, ఇన్నాళ్లూ ఎంతమందిని దారిలో వదిలేశాడో తలుచుకుని సిగ్గుతో మరికాస్త ఏడ్చాడు.

"ఏటి బాబూ, కంట్లో నలక పడిందేటి?"

"లేదమ్మా."

ఆస్పత్రి దగ్గర దిగి బొడ్డమ్మ ఆటో వెనక్కి చూసి, "నీ సీటు నీకిచ్చీసినాను, సల్లగుండు నాయినా," అంది.

మర్నాడు సీటు మీద తువ్వాలు లేదు. మొదటి స్టాపులో పాపారావు, భుజాన పనసపండుతో. నిరంజన్ ఒకసారి ఆకాశంకేసి చూసి, "ముందుకొచ్చి కూకో మావా," అన్నాడు.

పాపారావు కంగారుపడ్డాడు. "ఏటి, ఆయన దిగిపోనాడా?"

"లేదు మావా. ఇప్పుడే ఎక్కుతున్నారు."

పాపారావు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఎందుకైనా మంచిదని, పనసపండు ఒళ్లో పెట్టుకుని, పక్కన కాస్త చోటు వదిలి కూర్చున్నాడు.